ఇంటి చేతిపని: వ్రాయని పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పండుగనాడు ఏ యింటికి పోయినను ఆ యింటి యిల్లాలు నువ్వుండయో, అరిసెయో చేతిలో పెట్టును. "ఇన్ని చేసితివి, ఎంత ఖర్చయినదమ్మా?" అని పెద్దలెవరైన అడిగినచో ఆమె నవ్వి, "ఖర్చేమున్నది బాబయ్యగారూ! ఇంటి బియ్యము, ఇంటి నువ్వులు. ఊరకనే వచ్చినవి" అనును. ఆ మాట ఆమె వినయమునకు తగినదే. కాని లెక్కకు తగినది కాదు. "ఊరకనే" అను ఆ యొక్క మాట వెనుక ఎన్ని గంటల నడుము నొప్పి, ఎంత నేర్పు, ఎన్ని తరముల యెరుక దాగియున్నవో విచారించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

ఇంటి చేతిపని వలన సంసారమునకు కలుగు లాభమును జమ కట్టుట అందరికిని తెలియును. ఆ పనికై వెచ్చించిన చేతిని ఖర్చు వ్రాయుట మాత్రము ఎవరికిని అలవాటు లేదు. ఖర్చు వ్రాయని చిట్టా ఎంత లాభము చూపినను అది సరియైన చిట్టా కాదు. పొదుపు గొప్ప గుణమే. అయితే ఆ పొదుపు ఎవరి చేతులమీదుగా జరుగుచున్నదో తెలిసికొనక దానిని పొగడుట సగము న్యాయమే యగును.

ఈ చేతిపనులు నిన్న మొన్న పుట్టినవి కావు. పదునాఱవ శతాబ్ది ఆరంభమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యతిథిసత్కారము ప్రసిద్ధమైన ఘట్టము. వానకాలమున వచ్చిన అతిథులకు ఆ భాగవతుడు వడ్డించిన పదార్థములలో వడియములును వరుగులును గలవు. విజయనగర చక్రవర్తి తన మహాప్రబంధములో ఎండబెట్టిన వడియమునకును, కూరగాయ ముక్కకును చోటిచ్చినాడు. వానకాలమునకే వానిని చేర్చుటలో గొప్ప ఔచిత్యమున్నది. ముసురు పట్టినపుడు పెరటిలో కూర దొరకదు. ఎండకాలపు ఎరుక వానకాలపు విస్తరిలో అక్కఱకు వచ్చును. అయిదు వందల యేండ్ల క్రిందటి ఆ యెరుకనే నేటికిని ఇల్లాండ్రు పాటించుచున్నారు.

బూడిద గుమ్మడి వడియముల సంగతి చూడుడు. మాఘ ఫాల్గుణములలో ఎండ ముదురుచుండగా, గాలిలో తేమ తగ్గియుండగా ఈ పని పెట్టుకొందురు. కాయను చెక్కుతోనే చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పును పసుపును చల్లి, గుడ్డలో మూటగట్టి, రాత్రియంతయు దానిపై బరువుంచుదురు. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగును, బరువు దానిని పిండివేయును. తెల్లవారుసరికి బండంత కాయ మూటెడు ముక్కలగును. నానబెట్టిన మినపప్పును నీరు తగులనీయక గట్టిగా రుబ్బి, పచ్చిమిరప, అల్లము, ఇంగువ చేర్చి, ముక్కలను కలిపి, గుడ్డపై వరుసగా పెట్టుదురు. పిండి జారుగా నున్నచో వడియము చదునై, పైన ఎండి లోపల తడి నిలుచును. అట్టిది నెల తిరుగకుండ బూజు పట్టును. మూడు నాలుగు దినములు ఎండబెట్టి, నడుమ తిరుగవేసి, విరిచినపుడు పెళుక్కుమను వఱకు ఎండనిచ్చినచో సంవత్సరము నిలుచును. ఇందు ఒక్క మెట్టును వదలుటకు వీలులేదు. ఉప్పు ఎందుకు, బరువు ఎందుకు, గట్టిపిండి ఎందుకు అని పాఠశాలలో ఎవరును ఆమెకు చెప్పలేదు. అయినను ఆమె చేతికి కారణములన్నియు తెలియును.

పెరుగు మిగిలి పులిసినచో దానిని పారబోయరు. మజ్జిగ చేసి, ఉప్పు వేసి, గాట్లు పెట్టిన పచ్చిమిరపకాయలను అందులో నానవేయుదురు. పగలు ఎండబెట్టి, రాత్రి మరల ఆ మజ్జిగలోనే వేయుచు, మజ్జిగ అంతయు కాయలలో ఇంకు వఱకు ఈ పని సాగును. అవియే చల్లమిరపకాయలు. పులిసిన మజ్జిగకును, కోతలో మిగిలిన మిరపకాయకును విడివిడిగా విలువ లేదు. రెండింటిని కలిపిన చేతి వలననే విలువ వచ్చినది. పొదుపన ఇదియే. ఒక వస్తువునకు ఇంకొక ప్రయోజనము మిగిలియున్నదని కనుగొనుట పొదుపు. ఉన్నదానిని ఉపయోగింపక దాచుట పిసినిగొట్టుతనము. ఈ రెంటికిని గల భేదము పెద్దలు మరువరాదు, పిల్లలకు చెప్పక మానరాదు.

పిల్లల మాట వచ్చినది గనుక వారి చేతిపనియు చెప్పవలసి యున్నది. వేసవిలో తాటిముంజెలు తిన్న పిదప మిగులు డొక్కలను పారవేయక, రెండింటిని ఒక పుల్లకు గ్రుచ్చి, పంగల కఱ్ఱ తగిలించినచో బండి సిద్ధమగును. దానిని తోలుచు ఊరంతయు తిరిగిన బాలునకు ఇరుసనగా నేమో, చక్రము వంకరగా నున్నచో బండి ఏల ప్రక్కకు లాగునో ఇంకొకరు చెప్పనక్కఱలేదు. తాటాకుతో బూర, గాలికి తిరుగు గిరక, కొబ్బరాకుతో పాము, చింతగింజలతో వామనగుంటలాట, పాతగుడ్డలతో బొమ్మ, ఇవి యన్నియు అంగడి గడప త్రొక్కకుండ అమరునవియే. కొనిన బొమ్మ విరిగినచో బాలుడు ఏడ్చును. తాను చేసిన బొమ్మ విరిగినచో మరల చేయును. ఈ యొక్క భేదము చాలును, చేతిపని బాల్యమున ఏల నేర్పవలెనో తెలియుటకు.

వ్రాసి విడిచిన కాగితములకు కూడ ఇంట రెండవ జన్మము గలదు. చిత్తు కాగితములను మూడు నాలుగు దినములు నానబెట్టి, నానిన మెంతులతో కూడ రోట మెత్తగా దంచుదురు. ఒక గిన్నెను బోర్లించి, తడిగుడ్డ పఱచి, దానిపై ఆ గుజ్జును సమముగా మెత్తి నీడను ఆరనిచ్చి, పిమ్మట ఎండ చూపినచో గిన్నె ఆకారముననే తేలికయైన బుట్ట ఊడివచ్చును. మెంతులలోని జిగురు గుజ్జును పట్టియుంచును, వాని చేదు పురుగును రానీయదు. వెదురు చేటల సందులు పూడ్చుటకును ఈ మెంతిగుజ్జునే పూయుదురు. అయితే ఇందొక జాగ్రత్త అవసరము. అచ్చుసిరా గల కాగితము ఆహారమునకు తగులుట ఆరోగ్యమునకు మంచిది కాదని 2016లో భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ హెచ్చరించినది. కావున వార్తాపత్రికలతో చేసిన బుట్టలను దారపుండలకు, ప్రత్తివత్తులకు, పూలకు వాడుకొనవలెనే కాని పప్పులకును పిండివంటలకును వాడరాదు. పాత పద్ధతిని గౌరవించుటయనగా క్రొత్తగా తెలిసినదానిని త్రోసిపుచ్చుట కాదు.

విస్తళ్ళు కుట్టుటయు ఇట్టి పనియే. మోదుగాకు, మఱ్ఱియాకు, అడవి ప్రాంతములలో అడ్డాకు తెచ్చి, వెదురు పుల్లలతోనో చీపురు పుల్లలతోనో కుట్టుదురు. భోజనమైన పిదప ఆ విస్తరి పెంటలో పడి ఎరువగును. నడుమ కొంతకాలము ప్లాస్టిక్ పళ్ళెములు వచ్చి, ఊరిచెరువు గట్లను నింపినవి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు మున్నగువానిని భారత ప్రభుత్వము నిషేధించినది. చట్టము చేసి తొలగింపవలసివచ్చిన ఆ వస్తువునకు బదులు ఏది వాడవలెనో విస్తరి కుట్టిన ముసలమ్మకు ముందే తెలియును.

ఇక తీపి వస్తువుల ముచ్చట. పొయ్యితో పని తక్కువయై, పోషణ ఎక్కువయైనవి పల్లెయింట పెక్కు గలవు. నువ్వులను దోరగా వేచి బెల్లముతో దంచి ఉండ కట్టినచో చిమ్మిలి. నానబెట్టి నీరోడ్చిన బియ్యమును తడి ఆఱకముందే దంచి, జల్లించి, బెల్లముతో కలిపి మర్దించినచో చలిమిడి. నాగులచవితికి పుట్టకడ పెట్టు నైవేద్యము లివియే. మినుములను వేచి విసిరి, బెల్లమును నేతిని చేర్చి కట్టినచో సున్నుండలు. వీనిలో చలిమిడికి ఇంకొక గౌరవము గలదు. కూతురు అత్తవారింటికి పోవునపుడు తల్లి చలిమిడి కట్టి పంపును. గర్భవతియైన బిడ్డకు చలిమిడి పెట్టి ఆశీర్వదించును. దానిలో నున్నది బియ్యపుపిండియు బెల్లమునే. కాని అంగడిలో కొనిన మిఠాయి పెట్టె ఎంత ఖరీదైనదైనను ఆ ముద్దకు సాటి రాదని కూతురికిని తెలియును, తల్లికిని తెలియును.

ఇంటి నేర్పు కొన్నిచోట్ల జీవనాధారముగా మారిన ఉదాహరణములును లేకపోలేదు. కోనసీమలోని ఆత్రేయపురము పూతరేకులు అందరెరిగినవే. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్క మాఱు లాగినంతనే రేకు ఏర్పడును. కన్నుమూసి తెఱచునంతలో దానిని చిరుగకుండ తీయవలెను. ఆ రేకుల నడుమ నేయి, చక్కెర లేక బెల్లపు పొడి చేర్చి మడచుదురు. బియ్యము, నేయి, బెల్లము ఏ యింటనైనను ఉన్నవే. ఆ గుడ్డ లాగు చేయి మాత్రము అన్నియిండ్ల లేదు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంటిలో నున్నంతకాలము "ఊరకనే" వచ్చిన పని, అంగడికి వచ్చినంతనే వెలగల పని యైనది. పనిలో మార్పు లేదు. దానిని లెక్కించు చూపులోనే మార్పు వచ్చినది.

ఇప్పుడు ఒక పద్దు వ్రాసి చూతురు గాక. పాత చీరలతో కుట్టు బొంత ప్రతి యింటను ఉండెడిది. చినిగిన చీరలను నాలుగైదు పొరలుగా పఱచి, అంచులు మడచి, ఒక కొస నుండి ఇంకొక కొసకు దారపు వరుసలు కుట్టుదురు. వంగదేశమున దీనినే కాంథా యందురు. ఆఱడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంతకు అంగుళమున కొక వరుస చొప్పున 48 వరుసలు. ఒక్కొక్క వరుస 72 అంగుళములు. అంగుళమునకు నాలుగు కుట్ల చొప్పున మొత్తము 13,824 కుట్లు. పొరల గుండ సూది దూర్చుట సులభము కాదు గనుక నిమిషమునకు ఇరువది కుట్లనుకొన్నను, ఊపిరి తీయక కుట్టినచో పదునొకండున్నర గంటలు పట్టును. అంచుల పని, దారము ఎక్కించుట, గుడ్డ సవరించుట ఇందు చేరలేదు. ఇది పగటి పొలముపని, వంటపని, బిడ్డల పని తీఱిన పిమ్మట, దీపము వెలుగున కుట్టిన బొంత. చలికాలమున దానిని కప్పుకొనువారు "పాతచీరలు కదా, ఖర్చేమున్నది?" యందురు. గుడ్డ పాతదే. ఆ 13,824 కుట్లు మాత్రము పాతవి కావు.

ఈ సంగతి ఒక్క బొంతకు పరిమితమైనది కాదు. 2019లో భారత ప్రభుత్వ గణాంకశాఖ జరిపిన కాలవినియోగపు విచారణలో, వేతనము లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వానికి వెచ్చించుచున్నట్లు తేలినది. స్త్రీల భాగము పురుషుల భాగమునకు మూడింతలకు పైబడినది. 2001లో సుప్రీంకోర్టు, ఒక అగ్నిప్రమాదమున మరణించినవారి కుటుంబములకు పరిహారము నిర్ణయించు సందర్భమున, గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టినది. ఆమె పోయిన పిదప న్యాయస్థానము కట్టిన విలువను, ఆమె ఉన్నపుడే ఇంటివారు గుర్తించినచో ఎంత బాగుండును!

గాంధీమహాత్ముడు 1934లో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించినపుడు దాని నిర్వహణను జె. సి. కుమారప్పగారికి అప్పగించెను. ఆయన లండనులో లెక్కల విద్య నభ్యసించిన వాడు. అంతకుముందే గుజరాతులోని మాతర్ తాలూకాలో ఊరూర విచారణ జరిపి రైతుల ఆదాయవ్యయములను తేల్చినవాడు. చేతిపనుల సంఘమునకు లెక్కలెరిగినవాడు కావలసివచ్చుట ఆకస్మికము కాదు. చేతిపనిపై ప్రేమ యున్నంతమాత్రమున చాలదు. దాని లాభనష్టములను నిజాయితీగా చూడగల ధైర్యము కూడ కావలెను.

ఆ నిజాయితీతో చూచినపుడు ఒప్పుకొనవలసిన మాట యొకటి గలదు. చేతితో చేసినదెల్ల చౌక కాదు. ఇంట నువ్వులు పండనివారు కొని తెచ్చి, గ్యాసు కాల్చి, కొద్ది ఉండలు చేసినచో అంగడి వెలకంటె ఎక్కువే కావచ్చును. అలంకారపు తోరణమునకై జరీదారము, రంగుకాగితము, జిగురుసీసా, పూసలు వెల పెట్టి తెచ్చినచో అది వినోదమగును గాని పొదుపు కాదు. వినోదము తప్పు కాదు. దానికి పొదుపు అను పేరు పెట్టుట తప్పు. పెరటిలోని మామిడాకుతో, ఇంటిలోని నారతో కట్టిన తోరణమే పొదుపు. ఏ పని మొదలిడినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. సరుకు ఇంటిలోనిదా, కొన్నదా? చేసిన వస్తువు నిజముగా వాడుకకు వచ్చునా? పని యింటిల్లిపాదిదా, ఒక్కరిదా? మూడవ ప్రశ్నయే అన్నింటికంటె ముఖ్యమైనది. ఇంటి వారందఱును తినునది, ఒక్కతె మాత్రమే నడుము వంచి చేయుచున్నచో అది పొదుపు కాదు. ఒకరి దగ్గఱ అప్పుచేసి మఱచిపోవుటయే యగును.

కావున గుమ్మడికాయ తరుగుటకును, రోట దంచుటకును, ఎండలో వడియములు తిరుగవేయుటకును మగవారి చేతులకు అభ్యంతరమేమియు లేదు. బడి పిల్లలు కాకులను తోలుచు వడియములకు కాపలా యుండుట పల్లెలలో ఎరుగనిది కాదు. మఱియొక మెట్టు ముందుకు పోయి పిండి కలుపుటయు నేర్చుకొనవచ్చును. పని పంచుకొన్నపుడు ముచ్చట పెరుగును, నేర్పు నలుగురి చేతులకు ప్రాకును. ఒక్కరిలోనే నిలిచిన నేర్పు ఆ యొక్కరితోనే పోవును.

ఆ పోవుట నేడు కన్నులయెదుట జరుగుచున్నది. అవ్వను అడిగిన, "సోలెడు బియ్యమునకు ఇంత బెల్లము, గిద్దెడు నువ్వులు, చేయి పట్టినంత పిండి" యనును. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అను వరుస ఆమెకు కంఠస్థము. 1956 చట్టము పిమ్మట మెట్రిక్ కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. అంగడినుండి సోలయు తవ్వయు తొలగిపోయినవి. ఆ మార్పు మంచిదే, దేశమంతటికి ఒకే కొలత కావలెను. కాని వంటయింటి యెరుక మాత్రము పాత కొలతలోనే నిలిచిపోయినది. మనుమరాలు గ్రాములు అడుగును, అవ్వ పిడికిలి చూపును. ఇద్దఱి నడుమ వంట చెడును. "మా యవ్వ చేసినట్లు కుదురుట లేదు" అని మనుమరాలు విడిచిపెట్టును. అంతటితో అయిదు వందల యేండ్ల వరుస ఒక యింట తెగిపోవును.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. అవ్వ పిడికిట పట్టిన పిండిని గిన్నెలో పడకముందే త్రాసులో పోయించి, ఎన్ని గ్రాములో వ్రాసికొనవలెను. సోల ఇంటనున్నచో దానితో బియ్యము కొలిచి తూచి, ఆ తూకమును వ్రాసికొనవలెను. పాకము ఎప్పుడు దింపవలెనో ఆమె చెప్పు గుర్తును, నీటిలో వేసిన చుక్క ఉండ కట్టుటయో తీగ సాగుటయో, ఆమె మాటలలోనే వ్రాసికొనవలెను. ఈ పని చేయుటకు గ్రంథాలయముకంటె తగిన స్థానము లేదు. గ్రంథాలయమనగా అచ్చయిన పుస్తకములు మాత్రమే దాచు చోటు కాదు. ఊరిలో ఎవరికేది తెలియునో దానిని పోనీయక కాపాడు చోటు.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయపు బల్లపై గట్టి యట్టల పుస్తకమొకటి ఉంచవలెనని సూచన. ఒక్కొక్క పుటకు నాలుగు గడులు చాలును. మొదటి గడిలో వస్తువు పేరు. రెండవ గడిలో సరుకులు, పాత కొలతయు క్రొత్త కొలతయు. మూడవ గడిలో చేయు విధము, పట్టు కాలము. నాల్గవ గడిలో నేర్పినవారి పేరు. చదువు వచ్చిన పిల్లలు వారానికొక యింటికి పోయి, పెద్దవారి కడ కూర్చుండి, చూచి, వ్రాసికొని రావలెను. వడియమో, బొంతయో, తాటాకు బూరయో, ఏదైనను సరియే. నాల్గవ గడి నింపక ఏ పుటను ముగించరాదు. ఇంతకాలము వ్రాయని పద్దు అదియే.

ఊరిలో పెక్కుమంది వృద్ధస్త్రీల పేరు ఓటర్ల జాబితాలోను, రేషను కార్డులోను తప్ప మఱెక్కడను వ్రాయబడి యుండదు. తాను నేర్పిన చలిమిడి క్రింద తన పేరు వ్రాయబడియుండగా చూచిన నాడు ఆమె "ఊరకనే వచ్చినది" అను మాట అనకపోవచ్చును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండి, చేతుల పేర్లన్నియు అందు నిలిచియుండుగాక!